ఒక అడుగు వెనక్కి పడినప్పుడు



ఇంట్లో మనిషికి పెద్ద దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా మొదటి పది రోజులూ మనకు ఒకటే ధ్యాస. ప్రాణం దక్కితే చాలునని అంతర్వేది నరసింహస్వామికీ, అయినవిల్లి విఘ్నేశ్వరుడికీ మొక్కుకుంటాం. చుట్టాలూ స్నేహితులూ వచ్చి ధైర్యం చెబుతారు. "గండం గడిచిందమ్మా" అని డాక్టరు గారు అన్న రోజున గుండెల మీంచి బరువు దిగినట్టుంటుంది. వచ్చినవాళ్లంతా ఎవరి ఊళ్లు వాళ్లు వెళ్లిపోతారు. సరిగ్గా అప్పుడే, మనం ఒంటరిగా మిగిలిన వేళ, అసలు పని మొదలవుతుంది. పోయిన శక్తిని కూడగట్టడం, కూర్చోవడం, నిలబడడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం, మాట పలకడం మళ్లీ నేర్చుకోవడం. దీన్నే పునరావాస చికిత్స అంటారు. బతికించే వైద్యం ఒకటైతే, బతకడం నేర్పే వైద్యం ఇది.

ఈ చికిత్స అవసరం పడని ఊరు మన కోనసీమలో ఉంటుందంటే నేను నమ్మను. ఇక్కడ కొబ్బరిచెట్టు ఎక్కి దింపు తీసి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వానకు మాను జారితే, పట్టు తప్పితే, వెన్ను విరుగుతుంది. కాలవగట్ల మీద ఇరుకు రోడ్లు, వాటి మీద మోటారు సైకిళ్ల జోరు మీకు తెలిసిందే. ఇక రక్తపోటు, చక్కెర వ్యాధి లేని ఇల్లు ఏదీ? వాటిని అశ్రద్ధ చేస్తే పక్షవాతం గుమ్మంలోనే ఉంటుంది. కనుక ఇవాళ నేను చెప్పేది ఎవరో పరాయివాళ్ల సంగతి అనుకోకండి.

ఈ చికిత్స గురించి మనకు ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది మెట్లెక్కినట్టు వరసగా పైకి సాగదు. నాలుగు రోజులు బాగుంటుంది, అయిదో రోజున కుంటుపడుతుంది. నిన్న నిలబడ్డ మనిషి ఇవాళ కూర్చోలేనంటాడు. నిన్న "నీళ్లు" అన్న మాట పలికిన నోరు ఇవాళ పెగలదు. అప్పుడు మన ప్రాణం చివుక్కుమంటుంది. "ఇంత చాకిరీ చేసీ మళ్లీ మొదటికే వచ్చిందా" అని కూలబడిపోతాం. లేదా, "నువ్వే పట్టుదలగా చెయ్యడం లేదు" అని మంచం మీది మనిషి మీద విసుక్కుంటాం. ఈ రెండూ సరి కావు. వెనకడుగు పడితే మొదటికి వచ్చినట్టు కాదు. చాలాసార్లు దానికి ఒంట్లోనే ఒక కారణం ఉంటుంది. మనిషిని నిందించడం మాని ఆ కారణాన్ని వెతకాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినవన్నీ దాని వెంట వస్తాయి.

ఉదాహరణకు, నెలరోజులు వెల్లకిలా పడుకున్న మనిషిని మొదటిసారి కూర్చోబెట్టారనుకోండి. కళ్లు తిరుగుతాయి, చెమటలు పోస్తాయి, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది. చూసిన మనం హడలిపోయి, "వద్దు బాబూ, పడుకోనివ్వండి" అంటాం. నిజానికి జరిగేది ఏమిటి? ఇన్నాళ్లూ పడుకుని ఉండడంతో కాళ్లలోని రక్తనాళాలు బిగుసుకునే అలవాటు మరిచిపోయాయి. లేవగానే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, రక్తపోటు పడిపోతుంది, తలకు చాలినంత రక్తం అందదు. దీనికి మందు మళ్లీ నెలరోజులు పడుకోబెట్టడం కాదు. మంచం తలవైపు కొద్దికొద్దిగా ఎత్తుతారు, కాళ్లకు గుడ్డపట్టీలు చుడతారు, వాలు బల్లకు పట్టీలతో కట్టి రోజుకింత చొప్పున నిలువుగా లేపుతారు. ఒళ్లు మళ్లీ అలవాటు పడుతుంది. సంగతి తెలిసిన ఇల్లాలు భయపడదు. తెలియని ఇల్లాలి భయాన్ని రోగి ఆమె మొహంలోనే చదివేస్తాడు.

నాకు తెలిసిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను, పేరు అక్కర్లేదు. వాళ్లది కొత్తపేట వైపు. ఆమె భర్త కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస విరిగి, లోపలి వెన్నుపాము నలిగింది. ఆపరేషన్ అయింది. ఆరేడు వారాలకు కాళ్లకు ఇనుప పట్టీలు తగిలించుకుని, రెండు కమ్మీల మధ్య పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి కబురు వెళ్లింది, వీధిలో అందరికీ బెల్లం ముక్క పంచారు. ఆ తరవాత ఒక సోమవారం కాళ్లు కొయ్యబారిపోయి, ఎగిరెగిరి పడడం మొదలెట్టాయి. నిలబడడం మాట దేవుడెరుగు, చక్రాల కుర్చీలో కూర్చోవడమే కష్టమైంది. ఆయన భోజనం కంచం విసిరికొట్టాడు. అత్తగారు దిష్టి తగిలిందన్నారు. ఈమె నోటంట మాట రాలేదు. అప్పుడు వార్డులో పెద్ద నర్సమ్మ వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మూత్రం రంగు ఎలా ఉందమ్మా?" రెండు రోజులుగా చిక్కగా, వాసనగా ఉందని ఈమె చెప్పింది. పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది. మందులు వాడారు. రెండు వారాలు తిరక్కుండా మళ్లీ కమ్మీల దగ్గరికి వెళ్లాడు.

మనకైతే మూత్రంలో మంట పుడుతుంది, వెంటనే తెలుస్తుంది. నడుము కింద స్పర్శ లేని మనిషికి ఆ మంట ఎలా తెలుస్తుంది చెప్పండి? అందుకని ఒళ్లు వేరే భాషలో చెబుతుంది. కాళ్లు బిగుసుకోవడం, చలిజ్వరం, ఊరికే నీరసం, చిరాకు. మలబద్ధకం, కాలిగోరు లోపలికి పెరగడం, చిన్న పుండు వీటివల్ల కూడా అలాగే బిగుసుకుంటాయి. కనుక వెనకడుగు పడ్డ రోజున మనం వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. జ్వరం ఉందా? మూత్రం ఎలా ఉంది? విరేచనం అయి ఎన్నాళ్లయింది? రాత్రి నిద్ర పట్టిందా? ఒంటి మీద ఎక్కడైనా ఎర్రబడిందా? కొత్త మందు ఏదైనా మొదలెట్టారా? ఈ ఆరింటికీ జవాబులు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆయన పని సగం తేలికవుతుంది. "ఎందుకోనండీ, నీరసంగా ఉన్నారు" అంటే ఆయన మాత్రం ఏం చెప్పగలరు?

ఒంటి మీద ఎర్రబడడం అన్నాను కదా, అది చిన్న సంగతి కాదు. కదలకుండా పడుకున్న చోట, ఎముక ఒత్తుకునే చోట చర్మానికి రక్తం అందక చివికిపోతుంది. వీటిని పడక పుండ్లు అంటారు. నడుము కింద, పిరుదుల దగ్గర, మడమల దగ్గర వస్తాయి. చూస్తే రూపాయి బిళ్లంత ఉంటుంది, లోపల గుప్పెడంత గొయ్యి ఉండవచ్చు. ఒక్క పుండు వల్ల నెలల తరబడి వ్యాయామం ఆగిపోతుంది. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ అనే ఊళ్లో 1944లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను విరిగిన సైనికులకు వార్డు తెరిచారు. అంతకు ముందు అలాంటి రోగులు చాలామంది పడక పుండ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో పోయేవారు. రాత్రింబవళ్లు రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పి తీరాలని ఆయన పట్టుబట్టారు. అదే వార్డు పచ్చికలో 1948లో పదహారు మందికి చక్రాల కుర్చీల్లో విలువిద్య పోటీ పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చూసే పారాలింపిక్ క్రీడలకు అదే మొలక. పక్కకు తిప్పడం అనే పనికి పెద్ద చదువు అక్కర్లేదు. మనలాంటి ఇల్లాళ్లు చెయ్యగలిగినదే. మంచంలో ఉంటే రెండు గంటలకొకసారి తిప్పండి. చక్రాల కుర్చీలో ఉంటే అరగంట దాటకుండా చేతుల మీద ఒళ్లు పైకెత్తుకోమనండి, లేదా ఒక పక్కకి వాలమనండి. పొద్దున్నా సాయంత్రం దీపం వెలుతురులో ఒళ్లంతా చూడండి. ఎర్రమచ్చ వేలితో నొక్కితే తెల్లబడకపోయినా, ఒత్తిడి తీశాక అరగంటకీ మామూలు రంగుకి రాకపోయినా, ఆ చోటు మీద బరువు పడనివ్వకండి, నర్సుకి చూపించండి. ఆ మచ్చను గట్టిగా రుద్దితే మేలు కన్నా కీడే ఎక్కువ.

మన తెలుగువాళ్లు పెద్ద జబ్బు అనగానే రాయవెల్లూరు అంటారు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ పునరావాస విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్ఘీస్ గారి సంగతి మీకు తెలిసి ఉండాలి. కేరళలో పుట్టిన ఆమె ఆ కాలేజీలోనే వైద్యం చదివి, యువ డాక్టరుగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని రెండు కాళ్లూ పడిపోయాయి. అప్పటికి ఆమె వయస్సు ముప్పయ్యి లోపే. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఆమెకు ఒక దారి చూపించారు. కాళ్లు లేకపోతేనేం, చేతులు బాగున్నాయి, కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు కూర్చునే చెయ్యవచ్చు కదా అన్నారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. తరవాత న్యూయార్కులో పునరావాస వైద్యంలో శిక్షణ పొంది తిరిగి వచ్చి, 1963లో వెల్లూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో రోగులు ఉండి నేర్చుకునే పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూశారు.

ప్రమాదం 1954లో, కేంద్రం 1966లో. మధ్యలో పన్నెండేళ్లు. మనం చెప్పుకునేటప్పుడు నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఆ పన్నెండేళ్లలో ఎన్ని రోజులు ఒళ్లు సహకరించలేదో, ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో, ఆ లెక్క ఎవరికి కావాలి? మయూరి సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ చిత్రంలో సుధాచంద్రన్ తన కథలో తానే నటించింది. 1981లో బస్సు ప్రమాదం తరవాత కాలు తీసేశారు. జైపూరు కాలు పెట్టుకుని 1984లో మళ్లీ రంగస్థలం ఎక్కి నాట్యం చేసింది. సినిమాలో రెండున్నర గంటలు, బతుకులో రెండున్నరేళ్లు. మన ఇంట్లో మనిషిని సినిమా కొలతతో కొలవకూడదు. అవతలి మంచం మీది మనిషితోనూ పోల్చకూడదు. "పక్క వార్డు ఆయన నెలకే నడిచాడుట" అన్న మాట పుండు మీద కారం చల్లినట్టే. దెబ్బ ఎంత లోతున తగిలింది, వయసెంత, చక్కెర ఉందా లేదా, ఎన్ని రోజులకు చికిత్స మొదలైంది, ఇవన్నీ మనిషి మనిషికీ మారతాయి.

పక్షవాతంలో ఇంకొక చిక్కుంది. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం చురుగ్గా కనిపిస్తుంది. తరవాత నెమ్మదిస్తుంది. అప్పుడు "ఇక ఇంతేనేమో" అని ఇంటిల్లిపాదీ వ్యాయామం మానేస్తారు. నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. ఆరు నెలలు, ఏడాది దాటినా అభ్యాసం వల్ల చేతి పట్టులో, మాటలో, నడకలో మెరుగు కనిపిస్తూనే ఉంటుంది. 1996 నవంబరు తుఫానుకి మన కోనసీమ తోటలు ఎలా నేలకూలాయో చూసినవాళ్లున్నారు. మళ్లీ పాతిన మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్లు ఓపిక పట్టాం? రెండో ఏడు కాయలేదని పీకి పారెయ్యలేదు కదా.

ఇక మనసు సంగతి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు మనసు కుంగిపోయే జబ్బు పట్టుకుంటుంది. వ్యాయామానికి రానంటారు, అన్నం సహించదంటారు, గోడవైపు తిరిగి పడుకుంటారు. మనం దాన్ని మొండితనం అనుకుంటాం. అది కూడా జబ్బులో భాగమే, దానికీ మందులున్నాయి, మాటలతో చేసే వైద్యమూ ఉంది. మెదడుకు దెబ్బ తగిలినందువల్ల కొందరికి కారణం లేకుండా ఏడుపు, నవ్వు వచ్చేస్తాయి. మగాడు పిల్లల ముందు ఏడుస్తున్నాడని సిగ్గుపడి మందలించకండి. ఒక నిమిషం మాట మార్చండి, అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరు గారికి చెప్పాలి. "నేను పోతే మీకందరికీ సుఖం" అనే మాట నోటంట వస్తే మాత్రం ఊరికే అన్నారులే అనుకోకుండా ఆ రోజే చెప్పాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416 కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మరి ఏం మాట్లాడాలి అంటారా? "రేపటికల్లా పరిగెడతావు" అని అబద్ధపు ఆశ పెట్టకండి. రేపు పరిగెత్తకపోతే మన మాట మీద నమ్మకం పోతుంది. "అంతా మన ఖర్మ" అనీ అనకండి. ఉన్న సంగతి చెప్పండి. "నిన్నటికన్నా ఇవాళ బాగాలేదు, నిజమే. ఎందుకో కనుక్కుందాం. పోయినవారం నువ్వు పది నిమిషాలు కూర్చున్నావు, అది ఎక్కడికీ పోలేదు" అనండి. ఇలా చెప్పాలంటే మన దగ్గర లెక్క ఉండాలి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి, పాలపద్దు రాసుకున్నట్టే. తారీకు వేసి, ఎంతసేపు కూర్చున్నారు, ఎన్ని అడుగులు వేశారు, ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నారు, జ్వరం, విరేచనం, నిద్ర, ఒక్కో ముక్క రాస్తే చాలు. నిరుత్సాహపడ్డ రోజున నెల కిందటి పేజీ తిప్పి చదివి వినిపించండి. మనం కళ్లతో చూడలేని మెరుగు ఆ పేజీల్లో కనిపిస్తుంది. డాక్టరు గారికీ అదే చాలా పనికొస్తుంది.

మాట పోయిన మనిషితో మాట్లాడడం మరో విద్య. మాట రానంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడకూడదు, ఆయన ఎదురుగానే ఆయన గురించి వేరేవాళ్లతో చెప్పకూడదు. రేడియో, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, ఒక్కో మాట నిదానంగా అడగండి. "కాఫీ కావాలా, మజ్జిగ కావాలా" అని రెండూ చూపించి అడిగితే చేత్తోనైనా చెప్పగలరు. మాట కోసం తడుముకుంటుంటే మనమే అందించెయ్యకుండా కాసేపు ఆగండి. ఆ ఆగడమే ఆయనకు అభ్యాసం.

ఇక్కడ మన ఆడవాళ్ల ప్రేమ గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. వచ్చిన చుట్టానికే విస్తరి నిండా వడ్డిస్తాం, జబ్బుపడ్డ భర్తనో అత్తగారినో కాలు కింద పెట్టనిస్తామా? తినిపిస్తాం, చొక్కా తొడుగుతాం, మొహం కడుగుతాం. కాని, ఆసుపత్రిలో అరగంట కష్టపడి నేర్చుకున్న పని ఇంట్లో మనం చేసిపెడితే ఆ నేర్చినది పోతుంది. బొత్తాం పెట్టుకోవడానికి పావుగంట పడుతుందా, పట్టనివ్వండి. అన్నం సగం కింద పడుతుందా, పడనివ్వండి. తుడుచుకోవడానికి మనం ఉన్నాం కదా. చూస్తూ ఊరుకోవడం చేసిపెట్టడం కన్నా కష్టం, అదీ సేవే.

చెయ్యకూడనివి నాలుగు చెబుతాను. పడిపోయిన వైపు చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారి ఆ నొప్పికి నెలలు పోతాయి. లేపాలంటే నడుముకి కట్టిన బెల్టునో, ఒంటినో పట్టుకుని లేపడం ఫిజియోథెరపీ వారి దగ్గర నేర్చుకోండి. రెండోది, స్పర్శ లేని కాలికి వేడినీళ్ల సంచీ పెట్టకండి, కాలినా తెలియదు. మూడోది, పడుకోబెట్టి అన్నం, నీళ్లు పొయ్యకండి. పక్షవాతంలో మింగే శక్తి తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పెట్టాలి. తాగిన ప్రతిసారీ పొలమారుతుంటే, గొంతు తడిగా గరగరలాడుతుంటే వెంటనే చెప్పాలి. నాలుగోది, మనవైపు పావురం రక్తం రాయమనీ, ఫలానా చోట పసరు మందు తాగిస్తే మూడు రోజుల్లో లేస్తారనీ చెప్పేవాళ్లు బయలుదేరతారు. వెనకడుగు పడ్డ రోజే వాళ్ల మాట మనకు తియ్యగా వినిపిస్తుంది. రక్తం పూస్తే నరం అతకదు. వాటి వెంట తిరిగి బీపీ మాత్రలు మానేస్తే రెండోసారి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పోనిద్దురూ అని ఊరుకోకుండా మర్యాదగానే వద్దని చెప్పాలి.

అన్ని వెనకడుగులూ ఓపికతో చూడవలసినవి కావు. కొన్నింటికి పరుగెత్తాలి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దయినా అది కొత్త పక్షవాతం కావచ్చు. టైము చూసుకుని 108 కి ఫోను చెయ్యండి. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి దాన్ని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. మన లంకల నుంచి, రాజోలు మారుమూలల నుంచి కాకినాడకో రాజమండ్రికో చేరాలంటే ఆ టైము ఎంత విలువైనదో ఆలోచించండి. ఒక పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, గుండెనొప్పి వచ్చినా ఆలస్యం చెయ్యకండి, నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెన్ను పైభాగంలో, మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు తల పగిలేంత నొప్పి, మొహమంతా చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదంగా పెరిగిందన్నమాట. వెంటనే కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూసి, డాక్టరుని పిలవాలి.

చివరగా మీ గురించి. మంచం పక్కన కుర్చీలో నెలల తరబడి జాగారం చేసే మనిషి ఎవరు? చాలా ఇళ్లలో ఆడదే. తన బీపీ మాత్ర తాను మరిచిపోతుంది, వేళకు తినదు, నడుం నొప్పి చెప్పుకోదు. ఓపిక అయిపోయిన రోజున కసురుకుంటుంది, తరవాత తనలో తాను ఏడుస్తుంది. అలాంటి రోజు వచ్చిందంటే మీరు చెడ్డవారని కాదు, అలిసిపోయారని. వారానికి రెండు రాత్రులు ఆడపడుచునో, మరిదినో, ఎదిగిన కొడుకునో కూర్చోమనండి. సాయం అడగడం నామోషీ కాదు. చూడవచ్చే చుట్టాలతో కూడా, "ఊరికే పలకరించి వెళ్లకండి, రేపు మధ్యాహ్నం రెండు గంటలు ఉండండి, నేను నిద్రపోతాను" అని చెప్పండి. నిజంగా కావలసినవాళ్లు సంతోషిస్తారు. వెల్లూరు వంటి పునరావాస కేంద్రాల్లో ఇంటిమనిషిని కూడా వెంట ఉంచుకుని అన్నీ నేర్పుతారు. నేర్చుకునేటప్పుడు ఒక్కరే కాకుండా ఇద్దరు నేర్చుకుంటే ఆ భారం ఒక్క భుజం మీద పడదు.

డబ్బు దిగులు కూడా రోగాన్ని పెంచుతుంది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే సదరం శిబిరంలో సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పక్షవాతం వల్ల పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలకు పెంచింది. అర్హత, కాగితాల సంగతి మీ సచివాలయంలో అడిగి తెలుసుకోండి. హక్కుగా వచ్చేదాన్ని అడగడానికి మొహమాటపడవద్దు.

మనం చెయ్యగలిగిందల్లా చేసినా కొందరు పూర్తిగా నడవకపోవచ్చు. అది కూడా నిజమే, దాచకూడదు. కాని చికిత్స గెలిచిందా లేదా అనేది ఒక్క నడకతో తేలదు. చక్రాల కుర్చీలోనే వీధి అరుగు మీదికి వచ్చి, మనవడి చేత లెక్కలు చేయించి, తన అన్నం తాను తినే మనిషి గెలిచిన మనిషే. అక్కడికి చేరే దారిలో ఎన్నోసార్లు అడుగు వెనక్కి పడుతుంది. పడిన ప్రతిసారీ భయపడకుండా, కోప్పడకుండా, "ఎందుకో చూద్దాం" అనే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ ఒకరు మీరే కావచ్చు.